ఉప్పు వండిన వేసవి

దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఉప్పు పేరెత్తకూడదని, చేతికి చెయ్యి ఉప్పు అందించకూడదని, ఉప్పు నేల పాలైతే నీళ్ళు చల్లి ఎత్తాలని మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పేవాళ్ళు. వీధిలో బండి మీద ఉప్పు తెచ్చేవాడు. కల్లుప్పు కొలిచి పోస్తే బదులుగా వడ్లో, జొన్నలో కొలిచి పోసేవాళ్ళు. వంటింట్లో ఉప్పు కుండ ఎప్పుడూ పొయ్యికి దగ్గరగానే ఉండేది, ఆ వెచ్చదనానికి చెమ్మగిల్లకుండా. ఆ తరంలో చాలామందికి ఉప్పంటే 1930 కూడా గుర్తొచ్చేది. ఆ ఏడు వేసవిలో కోస్తా ఊళ్ళలో ఉప్పు కొనుక్కున్న సంగతి కాక వండుకున్న సంగతి చెప్పేవాళ్ళు. కుండలో ఉప్పు వండినందుకు జైలుకెళ్ళిన వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పుకొనేవాళ్ళు.

ఆ వంట సంగతే ఇక్కడ వివరంగా రాయాలని. ఉప్పు సత్యాగ్రహమంటే అందరికీ దండి యాత్ర గుర్తొస్తుంది, గాంధీగారు వంగి పిడికెడు ఉప్పు ఎత్తిన బొమ్మ గుర్తొస్తుంది. ఆ పిడికెడు మన తీరానికొచ్చేసరికి కుండలుగా, కట్టెలుగా, బియ్యంగా, మంచినీళ్ళుగా ఎలా మారిందో తెలిస్తే గానీ ఆ ఉద్యమం బలమేమిటో అర్థం కాదు.

ముందు పన్ను లెక్క. 1930 నాటికి ఉప్పు మీద పన్ను మణుగుకు రూపాయి పావలా. ఇక్కడే చాలామంది పొరబడతారు. అది సర్కారు మణుగు, 82 పౌన్ల పైచిలుకు, ఇప్పటి లెక్కలో 37 కిలోలకు కాస్త ఎక్కువ. మన ఊళ్ళలో వాడిన మణుగు ఎనిమిది వీశెలది, అంటే పాతిక పౌన్లు, పదకొండు కిలోల చిల్లర. రెండూ ఒకటే అనుకుంటే పన్ను మూడింతలు ఎక్కువగా కనిపిస్తుంది. సరిగ్గా వేస్తే వీశెకు, అంటే కిలో నాలుగు వందల గ్రాములకు, ముక్కాలణా పన్ను పడుతుంది. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి ఇరవై వీశెల ఉప్పు కావాలనుకుంటే పన్ను పదిహేను అణాలు, రూపాయికి ఒక్క అణా తక్కువ. పశువులకు పెట్టే ఉప్పు ఇందులో లేదు, చేపలు ఎండబెట్టుకునేవాళ్ళ ఉప్పూ లేదు.

పదిహేను అణాలే కదా అనిపిస్తుంది. 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కు రాసిన ఉత్తరంలో గాంధీగారు ఇంకో లెక్క వేసి చూపించారు. వైస్రాయి జీతం రోజుకు ఏడు వందల రూపాయల పైన. భారతీయుడి సగటు రాబడి రోజుకు రెండణాల లోపు. ఆ రెండణాల మనిషి తన ఇంటి ఉప్పు పన్ను కట్టడానికి ఏడెనిమిది రోజుల సంపాదన మొత్తం ఇచ్చెయ్యాలి. మేడలో ఉన్నవాడు తినే ఉప్పు, పూరింట్లో ఉన్నవాడు తినే ఉప్పు ఇంచుమించు ఒక్కటే. ఎండలో చెమటోడ్చేవాడికి ఇంకాస్త ఎక్కువే కావాలి. 1923లో ఈ పన్నును ఒక్కసారిగా రెట్టింపు చేసి మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. శాసనసభ కాదన్నా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలు చేశాడు. మర్నాటి ఏడాదికి మళ్ళీ రూపాయి పావలాకు దించారు. మన ఇంటి కుండలోని ఉప్పు ధర ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్క ఏడాదిలో ఊరూరికీ తెలిసిపోయింది.

మద్రాసు రాజధానిలో, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం 1805 నుంచీ ఉంది. మన వైపు 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం నడిచేది. ఉప్పు పండించేది కొఠార్లలో, అంటే సర్కారు అదుపులో ఉన్న ఉప్పు మడుల్లో. ఒంగోలు వైపు కనపర్తిలో ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి ఉప్పు కొఠారు పేరున్నది. చిన్నగంజాం మడులు ఇప్పటికీ ఉన్నాయి. కొఠారులో పండిన ఉప్పు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు దాకా పోయేది. కొఠారు బయట ఉప్పు తయారు చెయ్యడమే కాదు, దానంతట అది పేరుకున్న ఉప్పు ఎత్తినా నేరమే. పర్రల్లో, అంటే తీరం పక్కనున్న ఉప్పు నేలల్లో, ఎండకు తెల్లగా గట్టిపడిన ఉప్పును సర్కారు బంట్రోతులే బురదలో కలిపి తొక్కి పాడుచేసేవాళ్ళు. దండిలోనూ గాంధీగారు రాకముందే అక్కడి ఉప్పును అలాగే మట్టిలో కలిపేశారు. జాలర్లకు చేపలకు పన్ను లేని ఉప్పు దొరికేది గానీ, చేపలు ఊరవేసే సర్కారు ఆవరణలోనే, అధికారుల కళ్ళ ముందే దాన్ని వాడాలి. ఒక గుప్పెడు ఇంటికి తెచ్చుకుంటే దొంగతనం కింద లెక్క.

ఇంకో సంగతి. తీరానికి దూరంగా, చౌడు నేలల్లో మట్టి నుంచి ఉప్పు తీసే పని ఉప్పరులది. పేరులోనే ఉప్పు ఉంది చూడండి. మట్టి ఉప్పును సర్కారు అణచేసే కొద్దీ వాళ్ళ వృత్తి పోయింది. చెరువుమట్టి తవ్వడం, కట్టలు పొయ్యడం బతుకుతెరువైంది. ఉద్యమంలో వాడిన పద్ధతి చాలావరకు వాళ్ళు తరతరాలుగా వాడిందే. పట్నాల్లో చదువుకున్న వాలంటీర్లకు ఇది కొత్త. ఊళ్ళోవాళ్ళకు తాతల నాటి జ్ఞాపకం.

ఇక వంట. సముద్రపు నీళ్ళు కడవతో తెచ్చి పొయ్యి మీద పెడితే ఉప్పు వస్తుంది కదా అనుకుంటారు. వస్తుంది. లీటరుకు మొత్తం లవణాలు 35 గ్రాములు, అందులో తినే ఉప్పు 27 గ్రాముల దాకా. కిలో ఉప్పు కావాలంటే ముప్పై లీటర్లకు పైగా నీళ్ళు మరగాలి. బయట మూడు రాళ్ళ పొయ్యి మీద లీటరు నీళ్ళు ఆవిరి కావడానికి ఇంచుమించు కిలో కట్టె పడుతుంది. అంటే కిలో ఉప్పుకు ముప్పై కిలోల కట్టె! సరుగుడు పుల్లలైనా, తాటిమట్టలైనా అన్ని ఎక్కడి నుంచి తెస్తారు? మొదటి రోజుల్లో ఉత్సాహం కొద్దీ సముద్రపు నీళ్ళే మరిగించిన చోట పొద్దు గూకేసరికి కుండ అడుగున తెల్లటి పొర తప్ప ఏమీ మిగలదు. చట్టాన్ని ఉల్లంఘించినట్టే అవుతుంది గానీ పంచడానికి ఉప్పుండదు.

కాబట్టి ముందు మట్టి. కాలవల పక్కన, ఆటుపోట్ల నీళ్ళు ఎక్కి దిగే పర్రల్లో ఎండాకాలం పొద్దున్నే నేల మీద తెల్లగా పూస్తుంది. ఆ పూతను వేలెడు మందం కూడా కాదు, అర వేలు లోతుకే గీకాలి. చేటతో, చిప్పతో, తాటిమట్ట ముక్కతో గీకేవాళ్ళు. లోతుగా గీకితే బంకమన్ను వచ్చేస్తుంది, నీళ్ళు దిగవు, దిగినా మురికిగా ఉంటాయి. గీకిన మట్టిని నాలుక మీద పెట్టి చూడాలి. సూటిగా ఉప్పగా ఉంటే మంచిది. వేళ్ళ మధ్య జారుతూ సబ్బులా ఉంటే అది చాకళ్ళు బట్టలకు వాడే చౌడు, సోడా మట్టి, తినడానికి పనికిరాదు. నాలుకకు చల్లగా తగిలితే సురేకారం కలిసిన మట్టి. లోపలి జిల్లాల్లో ఉప్పు వండబోయేవాళ్ళకు పెద్ద చిక్కు ఇదే. తెల్లగా పూసిన ప్రతి నేలా ఉప్పు నేల కాదు. కోస్తాలో పర్ర మట్టికి ఈ బెడద తక్కువ.

తర్వాత వడకట్టడం. అడుగున వేలు దూరేంత చిల్లు ఉన్న పెద్ద కుండ ఒకటి కావాలి. చిల్లుకు గడ్డి చుట్ట అడ్డం పెట్టి, దాని మీద బెత్తెడు ఎండుగడ్డి, ఆ పైన గోనెగుడ్డ, గుడ్డ మీద రెండు వేళ్ళ ఇసుక వేస్తారు. ఆపైన ఉప్పు మట్టి నింపాలి. కుదించి నింపితే నీళ్ళు దిగవు, వదులుగా వదిలేస్తే నీళ్ళు ఒకే దారి చేసుకుని ఉప్పును తాకకుండా జారిపోతాయి. అరచేత్తో ఒక్కసారి అదిమితే చాలు. పైన నీళ్ళు నెమ్మదిగా, ఒక చిప్పతో, మట్టి చెదరకుండా పొయ్యాలి. కింద ఇంకో కుండలోకి చుక్క చుక్కగా దిగే నీళ్ళు తేటగా ఉంటాయి. మొదట దిగిన నీళ్ళు చిక్కన, రెండోసారి పోస్తే పలచన. ఆ పలచటి నీళ్ళు పారబొయ్యకూడదు, పొయ్యి మీదా పెట్టకూడదు. తర్వాతి కుండలో కొత్త మట్టి మీద మామూలు నీళ్ళకు బదులు వాటినే పొయ్యాలి. అలా మూడు నాలుగు కుండలు వరసలో తిప్పితే చివరికి దిగే నీళ్ళు సముద్రపు నీటికి నాలుగయిదు రెట్లు చిక్కగా ఉంటాయి. చిక్కదనం చూడటానికి కోడిగుడ్డు వేస్తే సరి. మునిగితే ఇంకా మట్టి మీద తిప్పాలి. తేలి, పైభాగం రూపాయి బిళ్ళంత బయటికి కనిపిస్తే పొయ్యి వెలిగించొచ్చు. ఇంత చేస్తే కిలో ఉప్పుకు ముప్పై కిలోల కట్టె కాస్తా ఆరేడు కిలోలకు దిగుతుంది. పచ్చళ్ళు పెట్టే ఇళ్ళల్లో ఉప్పు నీళ్ళ చిక్కదనం గుడ్డుతో చూసే పద్ధతి తెలిసినవాళ్ళుంటే ఈ పనిలో వాళ్ళదే పెద్దరికం.

పొయ్యి మీద ఏ పాత్ర? రాగి, ఇత్తడి పనికిరావు, ఉప్పు నీళ్ళకు చిలుమెక్కి ఉప్పు పచ్చబడుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. ఇనుప బాణలి అయితే ఎర్రటి తుప్పు దిగుతుంది. మట్టికుండే మేలు. కానీ మట్టికుండకూ ఒక జబ్బుంది. ఉప్పు నీళ్ళు గోడలోకి పీల్చుకుని లోపలే గడ్డకట్టి, నాలుగైదు వంటలకు కుండను పగలగొట్టేస్తుంది. అందుకే శిబిరాల్లో కుండలు డజన్ల లెక్కన కావాలి. చవకైన వస్తువు కాబట్టి పోలీసులు పగలగొట్టినా పెద్ద నష్టం ఉండదు. ఆ పూటకు కుమ్మరి వీధిలో ఇంకో అర డజను దొరుకుతాయి. ఖరీదైన సరంజామాతో నడిపే ఉద్యమమైతే ఒక్క దాడితో కూలిపోయేది. ఇది కూలలేదు.

మరగబెట్టేటప్పుడు మొదట నురుగొస్తుంది, గరిటెతో తీసెయ్యాలి. కొంచెం సేపటికి అడుగున తెల్లటి సన్నటి పొడి దిగుతుంది. కొత్తవాళ్ళు అదే ఉప్పనుకుని సంబరపడతారు. నోట్లో వేసుకుంటే రుచీ పచీ ఉండదు, ఇసుకలా కరకరలాడుతుంది. అది సున్నపు జాతి, జిప్సం. పై తేటను మెల్లగా రెండో కుండలోకి వంచుకుని ఆ పొడిని వదిలెయ్యాలి. రెండో కుండలో మంట తగ్గించాలి. నీటి మీద మీగడలా సన్నటి పొర కట్టి, చిన్న చిన్న గింజలుగా కిందికి జారుతుంటే అదీ ఉప్పు. పడ్డది పడ్డట్టే గరిటెతో తీసి వెదురుగంపలో వెయ్యాలి. గంపను కాస్త వాలుగా పెట్టాలి, నీళ్ళు కారిపోవాలి.

అసలు తప్పు జరిగేది చివరిలో. నీళ్ళన్నీ ఇగిరేదాకా మరిగిస్తే ఉప్పు ఎక్కువ వస్తుందని అనుకుంటారు. రాదు. చివర మిగిలే ఆ చిక్కటి నీళ్ళలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, చేదుగా. కుండలో పదో వంతు నీళ్ళు మిగిలినప్పుడే పొయ్యి దించేసి ఆ నీళ్ళు పారబొయ్యాలి. లేదంటే ఉప్పంతా చేదెక్కి, తీరపు గాలికి రాత్రికి రాత్రి చెమ్మగిల్లి ముద్దవుతుంది. తిన్నవాళ్ళకు విరేచనాలు పట్టుకుంటాయి. స్వరాజ్యపు ఉప్పు చేదుగా ఉందని అప్పట్లో సర్కారు మనుషులు ప్రచారం చేసేవాళ్ళు. నిజంగానే కొన్నిచోట్ల చేదుగా ఉండేది, కారణం ఈ ఆఖరి చెంబెడు నీళ్ళు. గంపలో రాత్రంతా వడిసి, మర్నాడు ఎండలో ఆరిన ఉప్పు మాత్రం కొఠారు ఉప్పుకు తీసిపోదు.

సమయం ఎంచుకోవడంలోనూ ఎంత ఆలోచన ఉందో చూడండి. గాంధీగారు 78 మందితో సబర్మతి నుంచి మార్చి 12న బయలుదేరి, 240 మైళ్ళ పైచిలుకు నడిచి, ఏప్రిల్ 5న దండి చేరి, 6వ తేదీ పొద్దున ఉప్పు ఎత్తారు. ఏప్రిల్ 6 రౌలట్ చట్టం మీద 1919లో దేశమంతా హర్తాళ్ చేసిన రోజు, జాతీయ వారానికి మొదటి రోజు. అదొక్కటే కాదు, నేల ఉప్పు పూసే కాలం కూడా అదే. మన తూర్పు తీరంలో జూన్ జూలైలలో వానలు పడేదాకా మడులు పండుతాయి. యాత్రకు ముందే గుజరాత్ విద్యాపీఠం విద్యార్థుల జట్టు దారిలోని ఊళ్ళకు వెళ్ళి జనం ఎంత, పశువులెన్ని, రాట్నాలెన్ని, ఉప్పు ఎంత వాడతారు, శిస్తు ఎంత అని లెక్కలు రాసుకొచ్చేది. ఆ లెక్కలు చేతిలో పెట్టుకునే గాంధీగారు ఊరూరా మాట్లాడేవారు. రోజుకు పది పన్నెండు మైళ్ళు, పొద్దున కొంత, సాయంత్రం కొంత. సోమవారాలు నడక లేదు. అరవై ఒకటో ఏట ఉన్న మనిషి మార్చి ఎండలో అంత దూరం నడవగలిగారంటే ఈ క్రమమే కారణం.

ఆంధ్రలో ఉద్యమ పగ్గాలు దేశభక్త కొండా వెంకటప్పయ్యగారి చేతిలో. అప్పట్లో ఆ పదవిని డిక్టేటరు అనే పిలిచేవారు, ఆ మాటకు అప్పటికి ఇప్పటి చెడు అర్థం పట్టలేదు. ఒకరిని పట్టుకుపోతే తర్వాతెవరో ముందే రాసిపెట్టి ఉండేది, ఆ తర్వాతెవరో కూడా. బందరులో పట్టాభి సీతారామయ్యగారు, ఒంగోలు దగ్గర దేవరంపాడు శిబిరంలో టంగుటూరి ప్రకాశంగారు, తూర్పు గోదావరిలో బులుసు సాంబమూర్తిగారు, ఇలా ఒక్కో తీరానికి ఒక్కో పెద్ద. పెద్దల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. శిబిరం పొయ్యి ఆరకుండా చూసినవాళ్ళ పేర్లు చాలావరకు లేవు. అది ఇప్పటికీ మనసును పీకే సంగతి.

తీరాన శిబిరం పెడితే మొదటి సమస్య ఉప్పు కాదు, మంచినీళ్ళు. ఇసుక దిబ్బల్లో చెలమ తవ్వితే మోకాటి లోతులోనే తియ్యటి నీళ్ళు ఊరతాయి. వాన నీళ్ళు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పు నీళ్ళ మీద తేలుతూ నిలుస్తాయి. ఎక్కువ నీళ్ళు వస్తాయని లోతుగా తవ్వితే మాత్రం కిందున్న ఉప్పు నీళ్ళు పైకొచ్చి చెలమ చెడిపోతుంది. వందమందికి ఒక్క పెద్ద గుంట కంటే విడివిడిగా, లోతు లేకుండా తవ్విన పది చెలమలు మేలు. పల్లెకారులకు తెలిసిన ఈ రహస్యం మెట్టూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. మట్టి వడకట్టడానికీ మంచినీళ్ళే వాడితే తాగేందుకు కరువొస్తుంది. ఆ పనికి సముద్రపు నీళ్ళే వాడాలి, వాటిలో ఉన్న ఉప్పూ కలిసొస్తుంది.

తిండి లెక్క చూస్తే, రెండు పూటలా అన్నానికి మనిషికి అరకిలో పైన బియ్యం. వందమందికి రోజుకు అరవై కిలోలు, నెలకు పద్దెనిమిది వందల కిలోలు. ఇంత బియ్యం ఒక్క షావుకారు ఇస్తే ఆయన్ను బెదిరించి ఆపొచ్చు. ఇంటింటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసే పిడికెడు బియ్యం పద్ధతిని ఎవరూ ఆపలేరు. పిడికెడంటే యాభై గ్రాములనుకున్నా, పన్నెండు వందల ఇళ్ళ పిడికెడు వందమందికి ఒక రోజు గ్రాసం. నాలుగైదు పెద్ద ఊళ్ళు కలిస్తే చాలు. పొద్దున చద్దన్నం, మజ్జిగ, ఎండలో గంజి. ఉప్పు నీళ్ళలో రోజంతా నిలబడ్డ కాళ్ళు వేళ్ళ మధ్య పగిలి మండుతాయి. సాయంత్రం మంచినీళ్ళతో కడిగి ఆముదం రాయకపోతే నాలుగో రోజుకు నడవలేరు. లాఠీ దెబ్బ కంటే ముందు ఈ పగుళ్ళే వాలంటీర్లను మంచాన పడేసేవి.

పోలీసులొచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది ముందే నేర్పేవాళ్ళు. పొయ్యి చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చోవాలి. తిరిగి చెయ్యెత్తకూడదు, తిట్టకూడదు, పారిపోకూడదు. ఉప్పు పిడికిట్లో ఉంటే దాన్ని తమంతట తాము విప్పి ఇవ్వకూడదు. చేతిలో ఉన్న ఉప్పు జాతి గౌరవమని, చెయ్యి విరిగేదాకా వదలొద్దని గాంధీగారే చెప్పారు. మణికట్టు మెలితిప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లాక్కునేవాళ్ళు. పచ్చిగా గరుకుగా ఉన్న ఉప్పు అరచేతిలో నలిగి గీసుకుపోయిన చోట మండుతుంటే పిడికిలి బిగించి ఉంచడం ఎంత కష్టమో ఊహించండి. అంతకన్నా ప్రమాదం మరుగుతున్న కుండను బూటుకాలితో తన్నినప్పుడు. ఉప్పు నీళ్ళు మామూలు నీళ్ళ కంటే ఎక్కువ వేడి మీద మరుగుతాయి, మీద పడితే చర్మం ఊడొస్తుంది. అందుకని పొయ్యికి రెండు మూరల దూరంలోనే వలయం కట్టాలి. గుజరాత్‌లో ధరాసన ఉప్పు కొఠారు ముందు మే 21న సుమారు 2,500 మంది వరసలు వరసలుగా ఇనుప పొన్ను లాఠీల కిందికి నడిచారు. ముందుండి నడిపింది మన సరోజినీ నాయుడుగారు, హైదరాబాదు ఆడపడుచు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. వెబ్ మిల్లర్ అనే అమెరికా విలేకరి చూసి రాస్తే ప్రపంచమంతా చదివింది.

ఉప్పును ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇంకొకటి చెప్పాలి. మట్టి గీకితే నేరం, వండితే నేరం, మోస్తే నేరం, అమ్మితే నేరం, తెలిసి కొన్నా నేరం. అంటే సముద్రం చూడని మనిషి కూడా అణా పెట్టి పొట్లం కొని చట్టం మీరొచ్చు. పడక మీది ముసలమ్మ కూడా ఆ ఉప్పు కూరలో వేసుకుని ఉద్యమంలో చేరొచ్చు. తొమ్మిదేళ్ళ ముందు చీరాల పేరాలలో జరిగినదానితో పోల్చి చూస్తే ఇది ఎంత తేలికో తెలుస్తుంది. ఆ రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను ఎన్నో రెట్లు పెంచితే, జనం కట్టబోమన్నారు. పన్నెండు మందిని జైల్లో పెట్టారు, వాళ్ళలో రావూరి అలివేలుమంగ అనే మహిళ ఒకరు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద 1921లో సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఇళ్ళు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎక్కడిది! ఆ త్యాగానికి సాటి లేదు. కానీ చీరాల చేనేత ఊరు. గుంట మగ్గం ఎత్తుకుపోయే వస్తువు కాదు. కొత్త పాకలో గుంట తవ్వాలి, వానాకాలం ఆ గుంటలో నీరూరితే పడుగు పాడవుతుంది, నేత ఆగుతుంది, పొయ్యి ఆగుతుంది. గోపాలకృష్ణయ్యగారిని బరంపురంలో నిషేధం మీరి మాట్లాడారని ఏడాది జైలుకు పంపారు. 1922 ఫిబ్రవరిలో చౌరీ చౌరా తర్వాత సహాయ నిరాకరణే ఆగిపోయింది. జనం తిరిగి ఇళ్ళకొచ్చారు. ఆ బరువు మోసిన, గోపాలకృష్ణయ్యగారు కూర్చిన రామదండు వాలంటీర్ల క్రమశిక్షణ మాత్రం ఆ తీరంలో మిగిలింది. 1930లో వాళ్ళ ఊళ్ళకు కొత్తగా నేర్పాల్సింది తక్కువ.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పకపోతే తప్పవుతుంది. మొదట్లో గాంధీగారు దండి జట్టులో స్త్రీలను చేర్చుకోలేదు. ఏప్రిల్ దాటేసరికి ఆ గీత చెరిగిపోయింది. ఉప్పు వంటింటి వస్తువు, వండటం వాళ్ళకు చేతనైన పని, పాకం ఎప్పుడు దించాలో వాళ్ళకు కంటితోనే తెలుస్తుంది. మద్రాసులో ప్రకాశంగారు, నాగేశ్వరరావు పంతులుగారు జైళ్ళకెళ్ళాక ఇరవై ఏళ్ళు దాటీ దాటని దుర్గాబాయమ్మగారు ఉద్యమాన్ని భుజాన వేసుకున్నారు. రాజాజీగారు తిరుచ్చి నుంచి నడిపిన వేదారణ్యం సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన రుక్మిణీ లక్ష్మీపతిగారు మన ఆచంట లక్ష్మీపతిగారి ఇల్లాలు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మొదటి మహిళ ఆవిడేనని చెబుతారు.

జూన్ దాటి వానలు మొదలయ్యాక నేల ఉప్పు కడిగేసుకుపోతుంది. తడి కట్టె మండదు, గంపలో ఉప్పు ఆరదు. చాలాచోట్ల ఉద్యమం కల్లు దుకాణాల పికెటింగు వైపు, విదేశీ బట్టల వైపు మళ్ళింది.   మే నెలలో బందరు కోనేరు సెంటరులో జెండా ఎగరెయ్యబోయిన తోట నరసయ్యనాయుడుగారిని స్పృహ తప్పేదాకా కొట్టినా జెండా వదల్లేదు. ఆ మాట ఆ జిల్లాలో తరాల తరబడి చెప్పుకున్నారు.

1931 మార్చి 5న గాంధీ ఇర్విన్ ఒడంబడిక కుదిరింది. ఉప్పు పన్ను పోలేదు. ఉప్పు దొరికే చోట, చేసుకోగలిగే చోట ఉన్న ఊళ్ళవాళ్ళు తమ ఇంటి వాడకానికి, ఆ ఊళ్ళలోనే అమ్ముకోవడానికి ఉప్పు తీసుకోవచ్చన్నారు. ఆ ఊళ్ళు దాటించి అమ్మకూడదు. అంటే పర్ర పక్కనున్న పల్లె ఇల్లాలు పొద్దున్నే చేట, చిప్ప పట్టుకుని వెళ్ళి తెల్లటి పూత గీకి తెచ్చుకుంటే బంట్రోతు చూస్తూ ఊరుకోవాలి. అదే ఉప్పు బండికెత్తి మెట్టూళ్ళో అమ్మబోతే మాత్రం పాత చట్టమే. ఆ మెట్టూళ్ళవాళ్ళు పన్ను కట్టిన ఉప్పే కొంటూ ఉన్నారు, 1947లో ఆ పన్ను ఎత్తేసేదాకా.

ఇప్పుడు చిన్నగంజాం వైపు వెళ్తే మడుల గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు వరసగా కనిపిస్తాయి. వేసవి పొద్దున్నే చూస్తే మడుల అవతల, ఎవరూ పట్టించుకోని పర్ర నేల మీద సన్నగా తెల్లటి పూత మెరుస్తుంటుంది. అర వేలు లోతుకు గీకి, నాలుక మీద పెట్టి చూడండి.